ఉప్పల్‌లో 24 బంతులు: బుమ్రా వెన్నుకు బాధ్యులెవరు?

2022 సెప్టెంబర్ 25, ఆదివారం రాత్రి. ఉప్పల్‌లో ఆస్ట్రేలియాతో మూడో టీ20. టికెట్ల కోసం జింఖానా మైదానంలో తొక్కిసలాట జరిగింది ఈ మ్యాచ్‌కే. జస్‌ప్రీత్ బుమ్రా తన వంతు నాలుగు ఓవర్లూ వేశాడు. 24 బంతులు, 50 పరుగులు, వికెట్ లేదు. సూర్యకుమార్ 69, కోహ్లీ 63 కొట్టడంతో మ్యాచ్ మనదైంది, సిరీస్ మనదైంది. బుమ్రా సంగతి ఆ రాత్రి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు.

మూడు రోజుల తర్వాత తిరువనంతపురంలో దక్షిణాఫ్రికాతో ఆడిన జట్టులో అతను లేడు. వెన్నునొప్పి అన్నారు. అక్కడి నుంచి టీ20 ప్రపంచకప్ పోయింది, మార్చిలో న్యూజిలాండ్‌లో వెన్నుకు ఆపరేషన్ జరిగింది, ఐపీఎల్ పోయింది, ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్ కూడా పోయింది. బుమ్రా మళ్లీ భారత్ తరఫున బంతి పట్టింది 2023 ఆగస్టు 18న, డబ్లిన్‌లో. ఉప్పల్‌కూ డబ్లిన్‌కూ మధ్య 327 రోజులు.

ఈ గాయానికి బాధ్యులెవరన్న తగువు హైదరాబాద్ పాతబస్తీలో ఇప్పటికీ తెగలేదు. చార్మినార్ పక్కన నిమ్రా కేఫ్ ముందు చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడ్డవాళ్లనైనా, బార్కస్ మైదానంలో ఆట ముగిశాక గట్టు మీద కూర్చున్న కుర్రాళ్లనైనా కదిపి చూడండి. ‘కైకు ఖిలాయే మియా, పూరా ఫిట్ నై థా’ (ఎందుకు ఆడించారు, పూర్తి ఫిట్‌గా లేడు కదా) అని ఒకరు మొదలుపెడతారు. కోచ్‌ది తప్పని ఒకరు, బోర్డుది తప్పని ఇంకొకరు, ఐపీఎల్ డబ్బే ఇంత పని చేసిందని మరొకరు, అసలు ఆ బౌలింగ్ యాక్షనే అలాంటిదని నాలుగో మనిషి. వీళ్లలో ఎవరి మాటా పూర్తిగా తోసిపుచ్చేది కాదు. అయితే అందరూ చూసేది ఆఖరి మ్యాచ్‌నే. ఆ మ్యాచ్‌కు ముందు మూడు నాలుగు వారాల్లో ఏం జరిగిందో చూడకుండా వేసే నింద ఎక్కువసార్లు తప్పు మనిషి మీదే పడుతుంది. అంకెలు తీసి చూస్తే ఇది తేలిగ్గానే కనిపిస్తుంది.

ఉప్పల్‌నే తీసుకోండి. ఆ సిరీస్‌లో బుమ్రా వేసింది మొత్తం ఆరు ఓవర్లు. నాగ్‌పూర్‌లో వాన వల్ల ఎనిమిది ఓవర్లకు కుదించిన మ్యాచ్‌లో రెండు, ఉప్పల్‌లో నాలుగు. 36 బంతులకు వెన్ను విరుగుతుందా? విరగదు. అంతకుముందు అతను అంతర్జాతీయ మ్యాచ్ ఆడింది జులై 14న, లార్డ్స్ వన్డేలో. మూడు రోజుల తర్వాత మాంచెస్టర్ వన్డేకు వెన్ను పట్టేసిందని తప్పుకున్నాడు. తర్వాత ఆసియా కప్‌కూ దూరమయ్యాడు. లార్డ్స్‌కూ నాగ్‌పూర్‌కూ మధ్య 71 రోజుల విరామం. అంటే ఉప్పల్ నాటికే వెన్ను ఒకసారి హెచ్చరించి ఉంది. నిలదీయాల్సింది ఆ 24 బంతులు వేయించినవాళ్లను కాదు, ఆ 71 రోజుల తర్వాత ‘సరే, ఆడొచ్చు’ అని పచ్చజెండా ఊపినవాళ్లను. ఆ నిర్ణయం ఏ పరీక్షల మీద, ఏ కొలతల మీద తీసుకున్నారన్నది అభిమానికి ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ మన హైదరాబాద్‌కు మరో లంకె ఉంది. ఆ జులైలో మాంచెస్టర్ వన్డేకు బుమ్రా స్థానంలో వచ్చింది మహ్మద్ సిరాజ్. వస్తూనే తన మొదటి ఓవర్లోనే బెయిర్‌స్టోను, రూట్‌ను వెనక్కి పంపాడు. సెప్టెంబర్ చివర్లో దక్షిణాఫ్రికా టీ20లకు బుమ్రా స్థానంలో పిలిచిందీ సిరాజ్‌నే. ఒక పేసర్ పడిపోతే అతని ఓవర్లు మాయమవవు, పక్కవాడి భుజం మీదికి వెళ్తాయి. మాసబ్‌ట్యాంక్ దగ్గరి ఫస్ట్ లాన్సర్‌లో పెరిగిన ఆటోడ్రైవర్ కొడుకు మూసీకి అవతలి ఒడ్డువాడే అయినా, పాతబస్తీ అతన్ని తన ఇంటి పిల్లాడిగానే చూస్తుంది. అందుకే బుమ్రా వెన్ను గురించి ఇక్కడ జరిగే వాదన చివరికి సిరాజ్ దగ్గరికే వస్తుంది.

వాదన మళ్లీ భగ్గుమన్నది 2025 జనవరి 4న, సిడ్నీలో. బోర్డర్–గవాస్కర్ సిరీస్ అయిదో టెస్టు, రెండో రోజు. రోహిత్ తప్పుకోవడంతో బుమ్రానే కెప్టెన్. లంచ్ తర్వాత ఒకే ఒక్క ఓవర్ వేసి మైదానం వీడాడు. కాసేపటికి ట్రైనింగ్ దుస్తుల్లో, సిబ్బందితో కలిసి కారెక్కి స్కానింగ్‌కు వెళ్తుంటే కెమెరాలు పట్టుకున్నాయి. మరుసటి రోజు బ్యాటింగ్‌కు వచ్చాడు గానీ బంతి పట్టలేదు. 162 పరుగుల లక్ష్యాన్ని ఆస్ట్రేలియా 27 ఓవర్లలో కొట్టేసింది. సిరీస్ 3–1, పదేళ్ల తర్వాత ట్రోఫీ వాళ్ల చేతికి వెళ్లింది. బుమ్రా మళ్లీ ఆడింది ఏప్రిల్ 7న, ఐపీఎల్‌లో. మధ్యలో చాంపియన్స్ ట్రోఫీ అతను లేకుండానే గెలిచాం.

ఆ సిరీస్‌లో బుమ్రాకు 32 వికెట్లు వచ్చాయి, సగటు 13.06. విదేశీ సిరీస్‌లో ఏ భారత బౌలర్‌కూ అన్ని రాలేదు. 1977–78లో బిషన్ సింగ్ బేడీ తీసిన 31 వికెట్ల రికార్డు చెరిగిపోయింది. ఈ అంకె అందరికీ గుర్తుంది. ఇంకో అంకె గుర్తులేదు, అసలు కథ దాంట్లోనే ఉంది: 151.2 ఓవర్లు. బంతుల్లో 908.

ఈ 908ని తేదీలవారీగా విడదీయండి. పెర్త్‌లో 30 ఓవర్లు, అడిలైడ్‌లో 24. నవంబర్ 22 నుంచి డిసెంబర్ 8 దాకా, 17 రోజుల్లో 324 బంతులు. తర్వాత బ్రిస్బేన్‌లో 34 ఓవర్లు, మెల్‌బోర్న్‌లో 53.2. డిసెంబర్ 14 నుంచి 30 దాకా, అవీ సరిగ్గా 17 రోజులే. బంతులు 524. రోజులు అన్నే, బంతులు మాత్రం 62 శాతం ఎక్కువ. ఆ వెంటనే జనవరి 3న సిడ్నీ టెస్టు. మధ్యలో దొరికిన విశ్రాంతి మూడే రోజులు, అందులోనే విమాన ప్రయాణం.

మెల్‌బోర్న్ దగ్గర కాస్త ఆగాలి. ఆస్ట్రేలియా రెండు ఇన్నింగ్స్‌లూ కలిపి ఆడింది 206.2 ఓవర్లు. మనవాళ్లు ఆరుగురు బౌలింగ్ చేశారు. అందరూ సమానంగా పంచుకుంటే మనిషికి 34 ఓవర్ల చొప్పున వచ్చేవి. బుమ్రా వేసింది 53.2, అంటే మొత్తంలో నాలుగో వంతు పైగా. సిరాజ్ 46, ఆకాశ్ దీప్ 43, జడేజా 37, సుందర్ 19. నాలుగో పేసర్‌గా ఉన్న మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి అదే మ్యాచ్‌లో 114 కొట్టి దేశాన్ని నిలబెట్టాడు గానీ, అతని చేత వేయించినవి 8 ఓవర్లే. నితీశ్‌ను తప్పుపట్టడం కాదిది. నాలుగో పేసర్‌ను జట్టులో పెట్టుకుని 206లో 8 ఓవర్లు వేయిస్తే, మిగతా బరువు ఎవరి నడుం మీద పడుతుందో లెక్క వేసుకోవచ్చు.

చేజారిన క్యాచ్‌లకూ ఇందులో వాటా ఉంది. నాలుగో రోజు యశస్వి జైస్వాల్ చేతుల్లోంచి మూడు క్యాచ్‌లు జారాయి. 46 దగ్గర బతికిపోయిన లబుషేన్ 70 దాకా వెళ్లాడు. 173కు 9 వికెట్లు పడ్డాక లయన్, బోలండ్ కలిసి 61 పరుగులు జోడించారు. సాయంత్రం చివరి ఓవర్లో బుమ్రా బంతికి లయన్ ఎడ్జ్ ఇచ్చాడు, స్లిప్‌లో రాహుల్ రెండు కాళ్ల మధ్య ఎలాగో బంతిని బిగించి పట్టాడు, అందరూ చేతులు పైకెత్తారు. అది నోబాల్. అలసిన కాలు గీత దాటింది. మర్నాడు పొద్దున మళ్లీ వచ్చి లయన్‌ను అదే బుమ్రా బౌల్డ్ చేయాల్సి వచ్చింది. స్కోరుకార్డు చేజారిన క్యాచ్‌ను పరుగుల్లో కొలుస్తుంది. బౌలర్ శరీరం దాన్ని అదనపు ఓవర్లలో కొలుస్తుంది.

53 ఓవర్లు నిజంగా ఎక్కువేనా, కపిల్ వేయలేదా అని పెద్దవాళ్లు అడుగుతారు. మంచి ప్రశ్న. దీనికి దగ్గరి జవాబు ఆస్ట్రేలియా క్రీడావైద్యుడు జాన్ ఆర్చర్డ్ బృందం 2009లో ఇచ్చింది. 129 మంది ఫాస్ట్ బౌలర్లను పది సీజన్ల పాటు గమనించారు. ఒక మ్యాచ్‌లో 50 ఓవర్లకు మించి వేసినవాళ్లకు ఆ తర్వాతి 21 రోజుల్లో ప్రతి 1000 ఓవర్లకు 3.37 గాయాలయ్యాయి. మిగతావాళ్లతో పోలిస్తే ఇది 1.77 రెట్లు. వాళ్లు కనిపెట్టిన ముఖ్య విషయం ఆలస్యం. భారం మోసిన రోజే ఒళ్లు విరగదు, మూడు నాలుగు వారాల దాకా ఎప్పుడైనా విరగొచ్చు. మెల్‌బోర్న్‌లో బుమ్రా ఆ 50 గీతను దాటాడు. ఆగిపోయింది ఆ టెస్టు ముగిసిన అయిదో రోజున.

ఈ అంకెను అతిగా వాడకూడదు కూడా. వెయ్యి ఓవర్లకు రెండు గాయాలు కాస్తా మూడు దాటాయంటే, 50 ఓవర్లు వేసిన చాలామందికి ఏమీ కాలేదనే అర్థం. ఇది తీర్పు కాదు, ముప్పు పెరిగిందన్న కబురు. ఆ కబురు చేతికందాక మూడు రోజుల విశ్రాంతితోనే మళ్లీ టెస్టు ఆడించారు, పైగా కెప్టెన్సీ కూడా అప్పగించారు. సిరీస్‌లో 2–1తో వెనకబడి ఉన్నాం, సిడ్నీ గెలిస్తే ట్రోఫీ నిలుస్తుంది. బుమ్రాను పక్కన కూర్చోబెట్టి ఉంటే మనమే ఆ రోజు సెలక్టర్లను ఉతికి ఆరేసేవాళ్లం. ఈ మాట కూడా ఒప్పుకోవాలి.

బౌలర్ ఒంట్లో జరిగేది ఇది. ఫాస్ట్ బౌలర్ ముందు కాలు నేలను తాకిన క్షణంలో శరీర బరువుకు అయిదు రెట్లు, ఒక్కోసారి అంతకు మించిన బలం పైకి తన్నుతుంది. 70 కిలోల మనిషికి అది 350 కిలోలు. అదే క్షణంలో నడుం పక్కకు వంగుతుంది, మెలి తిరుగుతుంది, వెనక్కి సాగుతుంది. వెన్నుపూసకు వెనుక భాగంలో ఇరుకైన వంతెన లాంటి ఎముక ముక్క ఒకటి ఉంటుంది. దెబ్బంతా దాని మీదే. కంటికి కనిపించని పగుళ్లు పడతాయి, ఒళ్లు వాటిని పూడ్చుకుంటూ పోతుంది. పూడే వేగాన్ని పగిలే వేగం మించినప్పుడు స్ట్రెస్ ఫ్రాక్చర్ అవుతుంది. ఎముక మరమ్మతుకు వారాలు పడుతుంది కాబట్టే ఆర్చర్డ్ చెప్పిన ఆలస్యం.

ఇప్పుడు పాతబస్తీ కోర్టులో మొదటి ముద్దాయి, ఐపీఎల్. ‘రెండు నెలలు అక్కడ పిండేసి, దేశానికి పిప్పి ఇస్తారు’ అనేది అందరి నోటా వినిపించే మాట. లెక్క చూద్దాం. ఒక్క ఐపీఎల్ మ్యాచ్‌లో ఎక్కువలో ఎక్కువ 24 బంతులు. 14 లీగ్ మ్యాచ్‌లూ ఆడితే 336 బంతులు, అంటే 56 ఓవర్లు. బుమ్రా మెల్‌బోర్న్‌లో అయిదు రోజుల్లో వేసింది 320 బంతులు. రెండు నెలల ఐపీఎల్ మొత్తం ఒక్క మెల్‌బోర్న్ టెస్టుతో సరి.

అలాగని ఐపీఎల్ నిర్దోషి అనుకోకండి. దాని తప్పు వేరే చోట ఉంది. 2014లో హ్యూలిన్, గాబెట్ బృందం 28 మంది ఫాస్ట్ బౌలర్లను ఆరేళ్ల పాటు గమనించి తేల్చిందేమిటంటే, ఒక వారంలో వేసిన బంతులు గత నాలుగు వారాల సగటుకు రెట్టింపు దాటితే తర్వాతి వారంలో గాయపడే ముప్పు మూడు రెట్లకు మించి పెరిగింది. ఈ నిష్పత్తిని లెక్కకట్టే పద్ధతి మీద పరిశోధకుల్లోనే గట్టి విమర్శలున్నాయి. అయినా ఒళ్లు అలవాటు పడని భారాన్ని ఒక్కసారిగా ఎత్తుకోవడం ప్రమాదమన్న మూల విషయం మైదానంలో ఏ కోచ్‌ని అడిగినా ఒప్పుకుంటాడు. ఐపీఎల్‌లో వారానికి రెండు మ్యాచ్‌లంటే 8 ఓవర్లు. 2025లో ఫైనల్ జూన్ 3న అయింది, ఇంగ్లండ్‌తో లీడ్స్ టెస్టు జూన్ 20న మొదలైంది. ఆ టెస్టులో బుమ్రా 43.4 ఓవర్లు వేశాడు, సిరాజ్ 41. నెట్స్‌లో వేసినవి కలుపుకున్నా వారానికి ఎనిమిది నుంచి నలభైకి ఎగబాకాలంటే మధ్యలో ఉన్నది 17 రోజులు. కాబట్టి ఐపీఎల్ బౌలర్‌ను అరగదీస్తోందన్నది సగం నిజమే. పెద్ద ఆటకు కావలసినన్ని బంతులు వేయనివ్వకుండా రెండు నెలలు గడిపేస్తోందన్నది మిగతా సగం, నా దృష్టిలో పెద్ద సగం.

యాక్షన్ సంగతికి వస్తే, దాన్ని కాదనలేం. ఆస్ట్రేలియా సిరీస్‌లోనే సిరాజ్ బుమ్రా కంటే ఎక్కువ వేశాడు. 157.1 ఓవర్లు, 943 బంతులు. అతనికేమీ కాలేదు. వయసులో ఇద్దరికీ తేడా మూడు నెలలే. బుమ్రా 1993 డిసెంబర్‌లో, సిరాజ్ 1994 మార్చిలో పుట్టారు. సిరాజ్ దూరం నుంచి పరిగెత్తుకొచ్చి ఆ ఊపును బంతికి ఎక్కిస్తాడు. బుమ్రాది పొట్టి రనప్. వేగమంతా బిగుసుకున్న ముందు కాలు మీద, నడుం మీద, చేతి విసురు మీద పుట్టాలి. దీనికి తోడు, 2019లో ఒకసారి స్ట్రెస్ ఫ్రాక్చర్, 2022లో మరోసారి, 2023లో కత్తిగాటు. పాత గాయమే కొత్త గాయానికి అన్నిటికన్నా పెద్ద సూచిక అన్నది ఏ ఆటలోనైనా వైద్యులు మొదట చెప్పే మాట. తనకూ వెన్ను ఆపరేషన్ జరిగిన న్యూజిలాండ్ మాజీ పేసర్ షేన్ బాండ్ 2025 మార్చిలో సూటిగా చెప్పాడు. అదే చోట ఇంకోసారి దెబ్బ పడితే కెరీర్ ముగిసినట్టేనని, వరుసగా రెండు టెస్టులకు మించి ఆడించొద్దని.

బోర్డు ఆ దారినే వెళ్లింది. ఇంగ్లండ్‌లో అయిదు టెస్టుల్లో మూడే అని ముందే ప్రకటించారు. బుమ్రా కెప్టెన్సీ వద్దనుకున్నాడు. ఆడిన మూడింటిలో 119.4 ఓవర్లు, 14 వికెట్లు. వింత ఏమిటంటే అతను ఆడిన లీడ్స్, లార్డ్స్ ఓడిపోయాం, మాంచెస్టర్ డ్రా అయింది. ఆడని ఎడ్జ్‌బాస్టన్ 336 పరుగులతో, ఓవల్ 6 పరుగులతో గెలిచాం. ‘బుమ్రా లేకపోతేనే గెలుస్తాం’ అన్న మాట గల్లీగల్లీకీ పాకింది. అయిదు మ్యాచ్‌ల లెక్క మీద ఇంత మాట అనడం అన్యాయం. లీడ్స్ తొలి ఇన్నింగ్స్‌లో అతనిచ్చిన అవకాశాలను మనవాళ్లు నేలపాలు చేసినా అయిదు వికెట్లు తీశాడు. లార్డ్స్‌లో ఏడు తీశాడు. ఆ టెస్టు 22 పరుగులతో పోయింది బ్యాటింగ్ వల్ల. షోయబ్ బషీర్ బంతిని డిఫెన్స్ ఆడాక అది మెల్లగా వెనక్కి దొర్లి స్టంప్‌ను తాకడం, సిరాజ్ అక్కడే కూలబడిపోవడం మనమంతా చూశాం.

మరి మిగిలిన ఓవర్లు ఎవరు వేశారు? సిరాజ్. అయిదుకు అయిదు టెస్టులు, 185.3 ఓవర్లు, 1113 బంతులు, 23 వికెట్లు. ఆ సిరీస్‌లో ఇరు జట్ల పేసర్లలో ఎవరూ అన్ని వేయలేదు. చివరి రెండు టెస్టులనే చూడండి. మాంచెస్టర్‌లో 30 ఓవర్లు, ఓవల్‌లో 46.3. జులై 23 నుంచి ఆగస్టు 4 దాకా 13 రోజుల వ్యవధిలో 459 బంతులు. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్, మెల్‌బోర్న్ కలిపి అతను 17 రోజుల్లో వేసింది 458. అంటే అదే భారం, నాలుగు రోజులు తక్కువలో.

ఓవల్ నాలుగో రోజు బ్రూక్ 19 మీదున్నప్పుడు సిరాజ్ బౌండరీ దగ్గర క్యాచ్ పట్టి, కాలు తాడును తాకించేశాడు. బ్రూక్ 111 చేశాడు. ఆ రాత్రి మన దగ్గర ఎన్ని నోళ్లు సిరాజ్‌ను తిట్టాయో చెప్పక్కర్లేదు. మర్నాడు పొద్దున ఇంగ్లండ్‌కు 35 పరుగులు కావాలి, నాలుగు వికెట్లున్నాయి. అందులో మూడు సిరాజే తీశాడు. సిరీస్‌లో తన 1113వ బంతిని యార్కర్‌గా వేసి అట్కిన్సన్ ఆఫ్ స్టంప్ ఎగరగొట్టాడు. అప్పటికి ఆ ఇన్నింగ్స్‌లోనే అది అతని 31వ ఓవర్. అవతలి జట్టులో అయిదు టెస్టులూ ఆడిన పేసర్ క్రిస్ వోక్స్ మొదటి రోజే బౌండరీ దగ్గర డైవ్ చేసి భుజం జారి, ఆ ఉదయం ఒక చేతిని స్వెటర్ లోపల కట్టుకుని బ్యాటింగ్‌కు దిగాడు.

ఆ 13 రోజుల్లో సిరాజ్ తొడ కండరం పట్టేసి ఉంటే ఏమనేవాళ్లం? 2022 జనవరిలో జొహన్నెస్‌బర్గ్‌లో పట్టేసింది, తర్వాతి టెస్టు పోయింది కూడా. ‘మనవాణ్ని గాడిదలా తోలారు’ అని కోచ్ గంభీర్‌నూ కెప్టెన్ గిల్‌నూ కడిగేసేవాళ్లం. ఏమీ కాలేదు, మ్యాచ్ గెలిచాం, కాబట్టి అదే పని సాహసమైంది. తర్వాత ఆసియా కప్ జట్టులో లేకపోవడంతో అక్టోబర్ దాకా అతనికి అంతర్జాతీయ మ్యాచ్ లేదు. అదృష్టం కొంత, ఆ విరామం కొంత.

ఫలితాన్ని బట్టి నిర్ణయాన్ని తూచే అలవాటు హైదరాబాద్‌కు కొత్తది కాదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా ఉన్న ఫుట్‌బాల్ జట్టులో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గ్రూపు మ్యాచ్‌లో గాయమై కుట్లు పడ్డాయి. తర్వాత రహీం సాబ్ అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు. సెమీఫైనల్లో గోల్ కొట్టాడు, దక్షిణ కొరియాతో ఫైనల్లోనూ కొట్టాడు. 2–1తో స్వర్ణం. ఆరు దశాబ్దాలుగా దాన్ని మేధావి ఎత్తుగడ అని చెప్పుకుంటున్నాం, రహీం సాబ్ మేధావే, అందులో సందేహం లేదు. కానీ ఆ కుట్ల మీద ఇంకో దెబ్బ తగిలి ఉంటే అదే నిర్ణయానికి వేరే పేరు ఉండేది. ఇవాళ తలకు అలాంటి దెబ్బ తగిలితే డాక్టర్ అనుమతి లేకుండా ఏ కోచ్ కూడా దించలేడు. ఈ మార్పు మంచిదే.

ఈ అలవాటు మన ఒక్కరిదే కాదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో గాయాల నింద ఎక్కువగా క్వార్టర్‌బ్యాక్ చుట్టూ తిరుగుతుంది. జట్టు ఆటంతా అతని చేతి మీద నడుస్తుంది కాబట్టి. 2023 సెప్టెంబర్ 11న మనవాళ్లు వేలల్లో ఉండే న్యూజెర్సీలో, మెట్‌లైఫ్ స్టేడియంలో, 39 ఏళ్ల ఆరన్ రోజర్స్ న్యూయార్క్ జెట్స్ తరఫున తొలి మ్యాచ్ ఆడాడు. నాలుగో ఎత్తుగడకే మడమ వెనుక స్నాయువు తెగింది, సీజన్ అక్కడితో సరి. కృత్రిమ గడ్డిదే తప్పన్నారు, ప్రత్యర్థిని అడ్డుకోలేని సహచరుడిదన్నారు, వయసుదన్నారు. కొన్ని నెలల ముందే సాధనలో అతని పిక్క పట్టేసిందన్నది ఆ గోలలో వెనక్కి పోయింది. అక్కడి అభిమానులూ మనలాగే ఆఖరి క్షణాన్నే పట్టుకు వేలాడారు.

ఒక్క విషయంలో వాళ్లు మనకంటే నయం. అక్కడి లీగ్‌లో ప్రతి జట్టూ వారం వారం గాయాల పట్టిక బయటపెట్టి తీరాలి. ఎవరికి ఎక్కడ నొప్పి, బుధవారం సాధన పూర్తిగా చేశాడా, కొంతే చేశాడా, అసలు చేయలేదా, గురువారం ఎలా ఉన్నాడు, శుక్రవారం ఎలా ఉన్నాడు అన్నీ అందులో ఉంటాయి. మన దగ్గర పేసర్ నెట్స్‌లో వేసే ప్రతి బంతికీ లెక్క ఉంటుంది, అది బెంగళూరులోని బోర్డు కేంద్రంలో ఉండిపోతుంది. అభిమాని చేతికి వచ్చేది ‘నడుం కింది భాగంలో గాయం’ అనే ఒక్క వాక్యం. టికెట్ కొని, టీవీకి డబ్బు కట్టి, జింఖానా దగ్గర లాఠీదెబ్బలు తిన్న మనిషికి ఇంకొంచెం చెప్పొచ్చు. ఆటగాడి వైద్య రహస్యాలు అక్కర్లేదు. నాలుగు వారాల్లో మ్యాచ్‌లోనూ నెట్స్‌లోనూ కలిపి ఎన్ని బంతులు వేశాడన్న ఒక్క అంకె చాలు, సగం వాదనలు నిజాల మీద నడుస్తాయి.

తప్పు అన్నిసార్లూ పైవాళ్లదే కానవసరం లేదు. చాంద్రాయణగుట్టలో పెరిగిన ఎలక్ట్రీషియన్ కొడుకు తిలక్ వర్మ కథ పాతబస్తీ కుర్రాళ్లు తెలుసుకోవాల్సింది. 2022లో మొదటి ఐపీఎల్‌లో 14 మ్యాచ్‌ల్లో 397 పరుగులు చేశాడు. ఇంకా ఫిట్‌గా ఉండాలన్న తపనతో విశ్రాంతి రోజుల్లో కూడా జిమ్‌లోనే గడిపానని, ఒళ్లు కోలుకునే సమయం ఇవ్వలేదని 2025లో తనే చెప్పాడు. భారత్–ఎ తరఫున బంగ్లాదేశ్‌లో బ్యాటింగ్ చేస్తుంటే వేళ్లు బిగుసుకుపోయి కదలలేదు, గ్లవ్స్ కోసి తీయాల్సి వచ్చింది. ఆసుపత్రిలో సూది కూడా విరిగిందట. జబ్బు పేరు రాబ్డోమయోలిసిస్. కండరాలు కరిగి వాటిలోని పదార్థం రక్తంలో కలుస్తుంది, మూత్రపిండాల మీద పడుతుంది. క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైమ్ మామూలుగా లీటరుకు సుమారు 200 యూనిట్ల లోపు ఉంటుంది, అది అయిదు రెట్లు దాటితే డాక్టర్లు ఈ జబ్బును అనుమానిస్తారు. ఇంకొన్ని గంటలు ఆలస్యమైతే ప్రాణానికే ముప్పని డాక్టర్లు చెప్పారట. ఆ కుర్రాడే 2025 సెప్టెంబర్ 28న దుబాయ్‌లో పాకిస్తాన్ మీద 69 నాటౌట్‌తో ఆసియా కప్ తెచ్చాడు. అతని విషయంలో ఏ కోచ్‌నూ బోర్డునూ అనడానికి లేదు. కష్టపడటాన్ని లెక్కపెట్టినవాళ్లున్నారు, విశ్రాంతిని లెక్కపెట్టినవాళ్లు లేరు.

ఈ లెక్క మన మైదానాల్లో ఇంకా అవసరం. పదిహేనేళ్ల పేసర్ బాగా వేస్తాడని తెలిస్తే ఆదివారం పొద్దున ఒక జట్టు, మధ్యాహ్నం ఇంకో జట్టు, రంజాన్ రాత్రుల్లో లైట్ల కింద మూడో జట్టు అతన్ని పిలుచుకుపోతాయి. ఎవరి మ్యాచ్‌లో వాళ్లు నాలుగు ఓవర్లే వేయించామనుకుంటారు. మొత్తం ఎవరి దగ్గరా ఉండదు. వెన్నెముక ఇంకా గట్టిపడుతున్న వయసది, స్ట్రెస్ ఫ్రాక్చర్లు ఎక్కువగా వచ్చేదీ ఆ టీనేజిలోనే. ఇంగ్లండ్ బోర్డు పేస్ వేసే పిల్లలకు పెట్టిన హద్దులు ఇవి: అండర్–13 దాకా ఒక స్పెల్‌లో 5 ఓవర్లు, రోజు మొత్తం మీద 10. అండర్–14, అండర్–15 వాళ్లకు స్పెల్‌కు 6, రోజుకు 12. అండర్–16 నుంచి అండర్–19 దాకా స్పెల్‌కు 7, రోజుకు 18. 

పిల్లాణ్ని బౌలింగ్‌కు పంపే తండ్రికో అన్నకో దీనికి పెద్ద ఖర్చు లేదు. ఒక నోటుబుక్‌లో తేదీ, మ్యాచ్‌లో వేసిన బంతులు, నెట్స్‌లో వేసినవి, నడుం నొప్పి ఉందా లేదా అన్న ఒక్క మాట. ఆదివారం రాత్రి ఆ వారం మొత్తాన్ని కూడి, అంతకుముందు నాలుగు వారాల సగటు పక్కన రాయాలి. కొత్త అంకె పాతదానికి రెట్టింపైతే తర్వాతి ఆదివారం రెండో జట్టు కెప్టెన్ ఫోన్ చేసినప్పుడు, ఈ వారం కుదరదని చెప్పాలి. నడుంలో ఒకవైపే నొప్పి ఉండి, వెనక్కి వంగినప్పుడు పెరుగుతూ, వారం రోజులైనా తగ్గకపోతే మాలిష్‌తో సరిపెట్టకుండా ఎముకల డాక్టర్‌కు చూపించాలి. తొలిదశలో పగులు మామూలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కాబట్టి ఎంఆర్‌ఐ అవసరమా అని అడగాలి.